గుర్వమ్మ దినాలకు వచ్చిన కాకి

దేవరకద్ర దాటి లోపలికి ఏడు మైళ్లు పోతే నల్లబండపల్లి వస్తుంది. చిన్న ఊరే గానీ మూడు మైకులున్నాయి. గుడిది ఒకటి, మసీదుది ఒకటి, ప్రార్థన మందిరానిది ఒకటి. తెల్లవారకముందే మూడూ ఒకదాని వెనక ఒకటి మేలుకుంటాయి. నాలుగో రకం మనిషి కూడా ఒకడు ఆ ఊళ్లో ఉన్నాడు. అతనికి మైకు లేదు, నుదుట బొట్టు లేదు, గుమ్మానికి గుర్తు లేదు, కాబట్టి ఉన్నాడన్న సంగతి ఎవరికీ పట్టదు. ఎక్కడన్నా బాణామతి లేచిందన్నప్పుడు మాత్రం చుట్టుపక్కల నలభై ఊళ్లకు గుర్తొస్తాడు. పేరు మల్లప్ప. కురుమ. గొర్లు కాచి బతికాడు, దేవుడు లేడని చెప్పుకుంటూ తిరిగాడు.

బాణామతి అంటే తెలియనివాళ్లు ఉండొచ్చు. పెట్టెలో మడతపెట్టిన బట్టలు కాలిపోవడం, ఇంటి మీద రాళ్లు పడడం, పిల్లకు మూర్ఛ రావడం, ఇట్లా ఊరికి అర్థం కానిదేదైనా జరిగితే అది ఎవరో మంత్రం వేసి చేయించిందేనని నమ్మడం. ఆ ఎవరో ఎప్పుడూ ఒంటరి ఆడమనిషో, అండలేని ముసలివాడో అయి ఉంటారు. యాభై ఏండ్లుగా ఈ బండల మధ్య తిరుగుతున్నాను, బలమున్నవాడి మీద బాణామతి నేరం పడగా నేనైతే చూడలేదు.

మల్లప్ప తల్లి నర్సింగమ్మ మీద ఆ నేరం పడింది. అప్పుడతనికి పదకొండేండ్లు. ఎవరి బిడ్డో జ్వరంతో పోయింది. ముందురోజు ఆ పిల్లకు నర్సింగమ్మ మేకపాలు పోసింది, అంతే. పటకారుతో ముందు పళ్లు నాలుగు పీకారు. పళ్లు లేకపోతే నోట మంత్రం సరిగా పలకదని వాళ్ల నమ్మకం. ఆ తర్వాత ఇరవై రెండేండ్లు ఆమె అంబలి తాగే బతికింది. మల్లప్పను జీవితమంతా తొలిచింది ఆ పళ్లు కాదు, చివరి రోజుల్లో ఆమె అన్న మాట.

"నేనే ఏమన్న జేసిన్నేమో బిడ్డా. నాకు యాదికి లేదు గని."

నేనతన్ని మొదట చూసింది తొంభైల్లో, మక్తల్ సంతలో. నేల మీద గొంగడి పరిచి, అగ్గిపుల్ల లేకుండా అగ్గి పుట్టిస్తున్నాడు. మంటను అరచేతిలో ఆడించి నోట్లో పెట్టుకుని ఆర్పాడు. ఒక ముసలమ్మ దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాడు. దండం తనకు కాదనీ, సీసాలో ఉన్న మందుకు పెట్టమనీ చెప్పి, ఆ మందు పేరేమిటో, ఏ దుకాణంలో దొరుకుతుందో, రెండు మందులు కలిస్తే మంట ఎట్లా పుడుతుందో విడమరిచాడు. అతని పద్ధతి ఎప్పుడూ ఇదే. ముందు తానే మాయ చేస్తాడు, వెంటనే తానే విప్పుతాడు. చేసి చెప్పకుండా పోతే తానూ ఒక బాబానే అవుతానని నాతో చాలాసార్లు అన్నాడు. బాబాలు కార్లలో తిరిగేవాళ్లు, ఇతను రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. మిగతా తేడా ఈ విప్పి చెప్పడమేనని అతని అభిప్రాయం.

పాలమూరులో ఇట్లా దేవుణ్ని నమ్మనివాళ్లకొక సంఘం ఉంది. ఫ్లెక్సీలు అచ్చేసే దుకాణం పైన ఒక గది, ఎనిమిది కుర్చీలు. కింద యంత్రం వినాయక చవితికి, బోనాలకు, క్రిస్మస్‌కు బ్యానర్లు కక్కుతుంటే పైన నెలకో ఆదివారం వీళ్లు కూర్చుని దేవుడి గురించి మాట్లాడుకుంటారు. రిటైరైన సైన్సు మాస్టరు విజేందర్ దానికి పెద్ద. నాకు రాత్రి పడుకునే జాగా లేనప్పుడు ఆ గదిలోనే పడుకునేవాణ్ని, అందుకే వాళ్ల సంగతులు నాకు తెలుసు. పురోహితుడు లేని పెళ్లిళ్లు చేశారు, గ్రహణం రోజు రోడ్డు మీద కూర్చుని పులిహోర తిన్నారు. బడి ఫారంలో మతం అన్న గడి దగ్గర 'లేదు' అని రాసే ధైర్యం వాళ్లలో కూడా అందరికీ లేదు. మల్లప్ప తన బిడ్డ మల్లీశ్వరిని బడిలో వేసినప్పుడు రాశాడు. హెడ్మాస్టరు మర్యాదగా నవ్వి, మల్లప్ప వెళ్లిపోయాక కొట్టేసి 'హిందూ' అని రాసుకున్నాడు. ఆ సంగతి పదో తరగతి టీసీ చేతికొచ్చిన రోజున గానీ మల్లప్పకు తెలియలేదు.

ఇంట్లో అతని భార్య గుర్వమ్మకు మాత్రం చాలామంది దేవుళ్లున్నారు. వంటింటి గూట్లో బీరప్ప, వెంకన్న, ఎల్లమ్మ ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినట్టు ఇరుకుగా ఉండేవాళ్లు. ఆ గూడు వైపు మల్లప్ప చెయ్యి పోలేదు. అతని రేకుపెట్టె మీద దుమ్ము తుడవడం తప్ప గుర్వమ్మ చెయ్యి కూడా పోలేదు. సంఘం వాళ్లు వస్తే చాయ పెట్టేది, పెట్టి ఊరుకునేది కాదు.

"దేవుడు లేడంటె ఊకుంటరు సార్లు, చాయల చక్కెర లేదంటె ఊకోరు" అనేది. విజేందర్ సారు తలవంచుకుని రెండో గ్లాసు తాగేవాడు.

మల్లీశ్వరి తల్లి కొంగు పట్టుకుని పెరిగింది. తండ్రిని చూసి గర్వపడేది గానీ దేవుళ్ల విషయంలో తల్లి పక్షమే. ఆర్టీసీలో కండక్టరు అయింది. పెళ్లి చేసుకుని పాలమూరులోనే, డిపో దగ్గర కిరాయి ఇంట్లో ఉండేది. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేకుండా చేసిన తర్వాత మొదటి జాతర అది, మాఘమాసంలో మన్యంకొండ జాతర. ఆమె బస్సు మెట్ల మీద కూడా కాలు పెట్టే సందు లేదు. ఆ ఆదివారం నడిమధ్యాహ్నం తల్లి నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడుసార్లూ మల్లీశ్వరి కట్ చేసింది. చేతిలో టికెట్ మిషను, చుట్టూ నూటిరవై మంది. డిపోలో బండి అప్పజెప్పేసరికి బాగా పొద్దుపోయింది, అమ్మ పడుకుని ఉంటుందనుకుంది. సోమవారం మళ్లీ చీకటితో డ్యూటీ, సాయంత్రం కూర్చున్న చోటే నిద్రపోయింది. మంగళవారం తెల్లవారి గుర్వమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా లేకపోయింది. నాలుగు రోజులుగా కొంచెం దగ్గు, జ్వరం ఉన్నాయి, ఇంత పని అవుతుందని ఎవరూ అనుకోలేదు.

సంఘం వాళ్లు అయిదుగురు దండ పట్టుకుని వచ్చారు. వాళ్లను తప్పుపట్టను గానీ, చావింట్లో ఎట్లా ఉండాలో వాళ్లకు తెలియదు. ఏ పనిలోనూ చేయి కలపడానికి లేదు, ఏ మాటలోనూ గొంతు కలపడానికి లేదు. విజేందర్ సారు గుర్వమ్మ మంచితనం గురించి నాలుగు నిమిషాలు చక్కగా మాట్లాడాడు. ఆడవాళ్లు కాసేపు ఏడుపు ఆపి, ఆయన అయిపోయాక మళ్లీ అందుకున్నారు. కార్యం ఎట్లా చేయాలన్న మాట వచ్చినప్పుడు మల్లప్ప వెంటనే తేల్చేశాడు. ఆమె నమ్మింది, ఆమె నమ్మిన తీరుగానే చేయాలి, తన నమ్మకం తనది. ఆ మాటకు బంధువులు కూడా మెచ్చుకున్నారు.

మూడో రోజు వాగు ఒడ్డున, ఊరి శ్మశానమైన బొందలగడ్డ దగ్గర పిట్టకు పెట్టారు. ఇక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, మోదుగాకు విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్లకు ఏ కోరికా మిగల్లేదని. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, పోయిన మనిషి వింటున్నట్టే మాట ఇస్తారు. నీ కొడుకును చదివిస్తం, నీ బర్రెను అమ్మం, నీ అన్నతో మాట్లాడతం. ఏదో ఒక మాటకు కాకి దిగుతుంది. ఎన్ని కుటుంబాల తగాదాలు ఆ విస్తరి ముందు తీరిపోయాయో నేను చూశాను. ఒక పట్నంలో, కాకులే కనబడని కాలనీలో, కాలికి దారం కట్టిన కాకిని కిరాయికి తెచ్చే మనిషిని కూడా చూశాను. దాని గురించి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

జొన్నరొట్టె, పుంటికూర, మాంసం, గుడ్డు, ముంతలో కల్లు. పెట్టి గంటయింది. కాకి రాలేదు. మల్లీశ్వరి ముందుకుపోయి మోకాళ్ల మీద కూర్చుంది. నుదురు నేలకు ఆనించింది.

"అమ్మా, ఫోన్ ఎత్తకపోతి. తప్పయింది. ఏం సెప్దామనుకున్నవో సెప్పు."

రాలేదు. ఎండ నెత్తికెక్కింది. తుమ్మచెట్టు మీద రెండు కాకులున్నాయి, అవి అక్కడే ఉన్నాయి. గుర్వమ్మ తమ్ముడు వెంకంపల్లి నుంచి వచ్చాడు. అతను మల్లప్ప భుజం పట్టుకుని, ఇప్పుడు నువ్వు ఒక్క మాట అంటే అయిపోతుందని, బిడ్డను చూసుకుంటానని పైకి అనమని బతిమాలాడు.

అప్పుడు మల్లప్ప నోట వచ్చిన మాట ఇది: "మీరు జర ఎనక్కి జరగున్రి. గింతమంది ఉంటె కాకి యాడ దిగుతది? పొద్దుగూడ ఎక్కింది, గీ ఎండల అవి మెతుకు ముట్టవు."

అబద్ధం లేదు అందులో. గొర్ల కాపరికి కాకులు తెలియకుండా ఎట్లా ఉంటాయి? అవి గొర్రె వీపు మీద కూర్చుని పిడుదులు ఏరుకు తింటుంటే చూస్తూ పెరిగినవాడు. కానీ అందరూ తలలు పక్కకు తిప్పుకున్నారు. మల్లీశ్వరి లేవలేదు. చివరికి ఒక కుక్క వచ్చి విస్తరి లాగింది.

ఆ రోజు నుంచి ఆమె అన్నం మానేసింది. చాయ తాగేది, నీళ్లు తాగేది. పోతానని అమ్మకు తెలిసే ఫోన్ చేసిందని, చివరి మాట తనతో చెప్పుకోవాలనుకుందని, తను కట్ చేసిందని, అదే మాట. భర్త వచ్చి చెప్పాడు, మేనమామ చెప్పాడు. మల్లప్ప చెప్పడానికి కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. రోజురోజుకూ ఒళ్లు తూలిపోతోంది. ఇక మిగిలింది పదకొండో రోజు. ఆ రోజు మళ్లీ పెడతారు, అదే ఆఖరు. ఆ రోజు కూడా పిట్ట ముట్టకపోతే తన బిడ్డ ఏమైపోతుందోనన్న భయం మూడో రోజు రాత్రే మల్లప్పను పట్టుకుంది.

ఆ భయంతో అతను చేసింది వానాకాలంలో నాకు తనే చెప్పాడు. నాలుగో రోజు పొద్దున్నే మొదలుపెట్టాడట. గొర్ల దొడ్డికి పోతున్నానని చెప్పి బొందలగడ్డకు పోయేవాడు. తువ్వాల మడతలో గొర్రె కార్జం ముక్కలు, నాలుగు మెతుకులు. అదే చోట, అదే మోదుగాకు విస్తరి, పక్కన అదే తెల్ల తువ్వాల పరిచి, ఇరవై అడుగులు పోయి బండ మీద కూర్చునేవాడు. మొదటి రోజు గోరింకలే వచ్చాయి. రెండో రోజు ఒక కాకి దిగి, చుట్టూ తిరిగి, ఒక ముక్క ఎత్తుకుపోయింది. మూడో రోజు అదే మరొకదాన్ని పిలుచుకొచ్చింది. ఆరో రోజుకు అతను దూరాన కనబడితేనే తుమ్మచెట్టు మీద సందడి మొదలైంది. ఏడో పొద్దున కావాలనే ఏమీ పెట్టలేదు. విస్తరి, తువ్వాల మాత్రం పరిచాడు. కాకులు దిగి, ఖాళీ ఆకును పొడిచి, అతని మీద అరిచాయి. ఇక ఇవి రావడం తప్పదు అనుకున్నాడు.

పదకొండో రోజు నేనక్కడ ఉన్నాను. ఎండ రాకముందే పెట్టాలన్నది మల్లప్పే. తెల్ల తువ్వాల కూడా అతనే పరిచాడు. మేము పది అడుగులు వెనక్కి వేశామో లేదో, ఒకటి కాదు, నాలుగు కాకులు దిగాయి. మల్లీశ్వరి నోరు తెరిచి అమ్మను పిలవనైనా లేదు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఏడ్చారు, ఆ ఏడుపు వేరు, బరువు దించుకున్న ఏడుపు. మల్లీశ్వరి తిరిగి తండ్రి వైపు చూసింది.

"సూసినవా నాయినా?"

"సూసిన బిడ్డా."

అంతే అన్నాడు. మధ్యాహ్నం పంక్తిలో మల్లీశ్వరి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఆమె తింటుంటే మల్లప్ప స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. మాయ చేసి విప్పకుండా వదిలేయడం అతని బతుకులో అదే మొదటిసారి. నాకప్పుడు తెలియదు. ఆ ముఖం చూసి భార్య మీద దుఃఖం అనుకున్నాను.

కాకి సంగతి బస్సుల్లో పాకింది. ఊరు దాటిన కొద్దీ పెరిగింది. నారాయణపేట చేరేసరికి కాకి మల్లప్ప భుజం మీద వాలింది. కోయిల్‌కొండలో నేను విన్నప్పుడైతే మూడుసార్లు పేరు పెట్టి పిలిచింది, మల్లప్ప ఏడ్చి దండం పెట్టాడు. విజేందర్ సారు ఒక ఆదివారం మెల్లగా అడిగాడు, ఊళ్లల్లో వేరే మాట నడుస్తోంది, ఒక చిన్న వివరణ రాసి ఇస్తే మంచిదేమోనని. మల్లప్ప చూద్దామన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు మీటింగుకు రాలేదు. మల్లీశ్వరి మాత్రం బాగుంది. డ్యూటీకి పోతోంది, అమ్మ తనను మాఫ్ చేసిందని తోటి కండక్టర్లకు చెప్పుకుంటోంది. ఆ ఒక్కటి నిలబడితే చాలు, తన పేరు ఏమైపోతే ఏమని మల్లప్ప అనుకున్నాడట.

మే నెలలో వెంకంపల్లిలో బాణామతి లేచింది. గుర్వమ్మ పుట్టినూరు అది. ఒకరింట్లో దండెం మీది బట్టలు వారంలో మూడుసార్లు కాలాయి. పక్కింటి హనుమమ్మ మీద నేరం పడింది. పిల్లలు లేని ముసలామె, మేకలు రెండున్నాయి. పోలీసులు వచ్చి చెప్పిపోయారు. వాళ్లు పోయాక ఆమె మళ్లీ ఆ ఊరి మధ్యే ఉండాలి కదా. పళ్లు పీకితే పీడ పోతుందని ఒకరిద్దరు అంటున్నారని తెలిసి విజేందర్ సారు మల్లప్పకు ఫోన్ చేశాడు. పళ్లు అన్న మాట వినగానే మల్లప్ప రేకుపెట్టె తీసుకుని బయల్దేరాడు. నేనూ వెంట పోయాను.

పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. హనుమమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మల్లప్ప తడి గుడ్డ ఒకటి దండెం మీద వేసి, తనేమీ ముట్టుకోకుండా దూరం పోయి నిలబడ్డాడు. గుడ్డ ఆరుతూ ఆరుతూ భగ్గున అంటుకుంది. ఎప్పటిలాగే అంతా విప్పి చెప్పాడు, ఏ మందు పూస్తే ఆరాక అంటుకుంటుందో, అది చేయడానికి మంత్రం అక్కర్లేదని, ఎవరి మీదనో కక్ష ఉన్నవాడు చాలని. జనం వింటున్నారు. అప్పుడు శివకృష్ణ లేచాడు. గుర్వమ్మ తమ్ముడి కొడుకు, మంచి పిల్లవాడు, పదకొండో రోజున అక్కడే ఉన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మామా, గిదంత మందు సంగతి అంటవు, సరే. మరి మా అత్తకు పిట్ట ఎట్ల ముట్టింది? నువ్వు నిలవడి సూస్తివి గద. సూసిన అని మల్లీశ్వరి వదినతోని అంటివి."

ఎవరో నవ్వారు. అదే మాట ఇంకో ఇద్దరన్నారు. కాకి వచ్చింది నిజమైతే ఇదీ నిజమేనని, కొన్ని ఉంటాయని, మల్లప్పకే తెలిసివచ్చిందని. గోడ దగ్గర హనుమమ్మ తల ఇంకా కిందికి దించింది. మల్లప్ప ఆమె వైపు చూశాడు. ఎదురుగా మూడు నాలుగు ఫోన్లు లేచి ఉన్నాయి. అవి అతనికి కనబడ్డాయి, కనబడలేదని నేననను.

చెప్పాడు. కార్జం ముక్కల నుంచి ఖాళీ విస్తరి దాకా, ఏడు పొద్దులూ, ఒకటి వదలకుండా చెప్పాడు. గొంతు సంతలో చెప్పినప్పటి గొంతు కాదు.

ఒక ముసలాయన పగలబడి నవ్వాడు. అరే కాకిని సాదిండు రో మల్లప్ప, అన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పోయింది. నవ్విన గుంపు పళ్లు పీకదు. కాసేపటికి ఆడవాళ్లు ఇద్దరు హనుమమ్మను లేపి ఇంటికి తీసుకుపోయారు. విజేందర్ సారు మల్లప్ప రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మల్లప్ప చేతులు వదిలించుకుని, పెట్టె అక్కడే వదిలేసి, బస్సు దాకా నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం మల్లీశ్వరి నల్లబండపల్లికి వచ్చింది. యూనిఫాం మీదే ఉందట. మంచం అంచున కూర్చుంది. ఏడవలేదు.

"ఏడు పొద్దులు కాకికి పెట్టినవ్. నాకు ఒక్క మాట సెప్పకపోతివి."

"నువ్వు తింటలేకుంటివి బిడ్డా. నాకు భయమైంది."

"తిన్న. మూడు నెలలు తిన్న. అమ్మ నన్ను మాఫ్ జేసిందని కనవడ్డోళ్లకల్ల సెప్పుకుంట తిరిగిన. ఇయ్యాల డిపోల అందరి ఫోన్ల నువ్వే ఉన్నవ్."

అప్పుడు మల్లప్ప, ఎవరికీ చెప్పని సంగతి, నాకు కూడా అప్పటిదాకా చెప్పనిది, బిడ్డకు చెప్పాడు. ఆ ఆదివారం గుర్వమ్మ ఫోన్ చేస్తున్నప్పుడు అతను పక్కనే కూర్చుని గొర్ల తాడు పేనుతున్నాడు. మూడోసారి కూడా కలవకపోతే ఎందుకే అన్నిసార్లు అని విసుక్కున్నాడు. బిడ్డ జాతర బస్సు మీద ఉంది కదా, మన్యంకొండ మీద నీ పేరున ఒక కొబ్బరికాయ కొట్టమందామని అంది గుర్వమ్మ. అతనికి కోపం వచ్చింది. కొడితే నీ పేరు మీద కొట్టుకో, నా పేరెందుకు అన్నాడు. దానికామె అన్న మాట:

"నాకు నేను కొట్టుకుంట. నీకు ఎవలు కొడ్తరు?"

అతను ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని తన అంగీ జేబులో పెట్టుకున్నాడు. నాలుగోసారి చేయనీయలేదు.

మల్లీశ్వరి తలెత్తి అడిగిందట.

"గంతేనా? పానం బాగలేదని గాదా?"

"గంతే బిడ్డా."

"గీ మాట ఆ మూడో దినం సెప్తె అయిపోతుండె గద నాయినా. కాకి ఎందుకు?"

"సిగ్గయింది."

"ఎవల ముందట?"

దేవుడు లేడని నలభై ఊళ్లల్లో చెప్పిన మనిషి పేరున ఇంట్లో కొబ్బరికాయ మొక్కు ఉందని ఊళ్లకు తెలిస్తే ఏమవుతుందోనని అతను భయపడ్డాడు. అప్పుడంత పెద్దగా అనిపించింది, బిడ్డ ముందు చెప్పబోతే మాటకు అందలేదు.

కాసేపటికి మల్లప్పే అన్నాడట, పోయి కొట్టు బిడ్డా, నా పేరు మీదనే కొట్టు, నేను గూడ కొండెక్కుత అని. ముప్పై ఏండ్లలో ఏ గుడి మెట్టూ ఎక్కని మనిషి.

"ఇప్పుడు కొడ్తె ఏమొస్తది?" అంది మల్లీశ్వరి. "అది కాయ. రాయికి కొడ్తె పలుగుతది. ఆ కొండ కిందికెంచి రోజుకు నాలుగు ట్రిప్పులు పోత. నిన్నటిదాక దండం పెట్టేదాన్ని. ఇయ్యాల పొద్దున సెయ్యి లేవలె. నాకు ఏం మిగలలె నాయినా. అమ్మా రాలే, దేవుడూ లేడు."

ఆ చివరి మాట ఎవరి నోటనైనా వినాలనే రేకుపెట్టె మోసుకుని ఊరూరా తిరిగాడు మల్లప్ప. జనం చప్పట్లు కొట్టారు, నవ్వారు, బాబాలను తిట్టారు, ఇంటికి పోయి దీపం పెట్టుకున్నారు. ఆ మాట ఎవరూ అనలేదు. ఇప్పుడు తన బిడ్డ అంది, ఖాకీ యూనిఫాంలో, మంచం అంచున, ఎండిపోయిన కళ్లతో.

"గట్లనకు బిడ్డా" అన్నాడట మల్లప్ప. అన్నం తిని పొమ్మన్నాడు. డ్యూటీ ఉందని ఆమె చెప్పులేసుకుని అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయింది.